పెద్ద బ్రేకులు వేయించాక ఏ బ్రేక్ ఆయిల్ పోయాలి? రోజూ తిరిగే కారుకు సమగ్ర మార్గదర్శి

ఆదిలాబాద్‌లో పెళ్లి చూసుకుని హనుమకొండకు తిరిగొస్తున్నాం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కారులో నలుగురం, డిక్కీ నిండా సామాను. మహబూబ్ ఘాట్ దిగినంతసేపూ బ్రేకులు చక్కగానే పట్టాయి. మూడు నెలల కిందటే ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగాలు) వేయించాను కాబట్టి లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. కిందికి వచ్చాక ఆగి చాయ్ తాగాం. పది నిమిషాల తర్వాత బండి తీసి రోడ్డెక్కబోతూ బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా సగానికి పైగా దిగిపోయింది. రెండోసారి తొక్కితే కొంత పట్టింది, మూడోసారి ఇంకొంత.

గంటసేపు చెట్టు నీడన ఆపి, చల్లారాక మెల్లగా ఇంటికి చేరాం. తర్వాత తెలిసిందేమంటే, ఆ పెద్ద బ్రేకుల కిట్ బిగించినప్పుడు షెడ్డులో పాత ఆయిలే ఉంచేశారు. కొత్త క్యాలిపర్లు నిండటానికి తగ్గినంత మాత్రం ఎప్పుడో మూత తీసిన డబ్బాలోంచి పోశారు. తప్పు వాళ్లది ఒక్కటే అనలేను. డిస్క్ ఎన్ని ఎంఎం, క్యాలిపర్ ఏ రంగు అని పదిసార్లు అడిగినవాణ్ణి, ఆయిల్ సంగతి ఒక్కసారీ అడగలేదు.

ఘాట్ మీద పట్టిన బ్రేకు చాయ్ తర్వాత ఎందుకు పట్టలేదు? బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి డిస్క్ వేడి బయటికి పోతుంది. బండి ఆగగానే గాలి ఆగుతుంది. డిస్కులో నిలిచిన వేడి, దాన్ని రాసుకుని బండిని ఆపే ప్యాడ్‌లోకి, ప్యాడ్ నుంచి దాన్ని తోసే పిస్టన్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి నిదానంగా పాకుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కినా నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మన కాలి బలం చక్రం దాకా వెళ్లకుండా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది.

ఇంకో మాట. మన దగ్గర అందరూ బ్రేక్ ఆయిల్ అనే అంటారు, నేనూ అదే అంటాను. కానీ అది నూనె కాదు. మామూలు కార్లలో ఉండేది గ్లైకాల్ జాతి రసాయనం. బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు దానికి తగ్గట్టు చేసినవి. పేరు ఆయిల్ కదా అని ఎవరైనా ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో కొంచెం పోస్తే ఆ సీళ్లు ఉబ్బిపోతాయి. అప్పుడు పెడల్ తొక్కగానే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ నుంచి క్యాలిపర్ల దాకా రబ్బరు ఉన్న ప్రతి భాగమూ మార్చుకోవాల్సిందే. సీళ్లను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగినా అదే గతి.

మొదటి మెట్టు: జబ్బు ఆయిల్‌దేనా చూసుకోండి

బ్రేకులు సరిగా లేవని అందరూ ఒకే మాటగా అంటారు గానీ అందులో మూడు నాలుగు రకాలున్నాయి. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి ఆగట్లేదు అంటే వేడెక్కింది ప్యాడ్. దానికి మందు మంచి ప్యాడ్లు, ఆయిల్ కాదు. వేడెక్కాక మాత్రమే పెడల్ మెత్తబడి, చల్లారాక మళ్లీ మామూలైతే ఆయిల్ మరుగుతున్నట్టు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా స్పాంజిలా ఉంటే లోపల గాలి ఉంది, లేదంటే రబ్బరు హోసులు ముసలివై ఉబ్బుతున్నాయి.

నాలుగోది కిట్ వేయించిన వాళ్లకే వచ్చే సమస్య. పెడల్ స్పాంజిలా ఉండదు, కానీ మునుపటికన్నా లోతుగా దిగుతుంది. పెద్ద పిస్టన్లకు ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ ఒక్కో తొక్కుకు తోసేది పాత లెక్కే. పిస్టన్ల కొలత, మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వెడల్పు) కుదరకపోతే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ లోతు తగ్గదు. ‘అన్నా, రేసింగ్ ఆయిల్ పోస్తే పెడల్ టైట్ అయితది’ అని చెప్పేవాళ్లు ఉంటారు. పాత మరిగిన ఆయిల్ తీసి, గాలి సరిగా తీస్తే ఏ ఆయిల్‌తోనైనా పెడల్ టైట్ అవుతుంది. మెచ్చుకోవాల్సింది ఆ పనిని, డబ్బా మీద బొమ్మను కాదు.

రెండో మెట్టు: మీరు ఎంత వేడి పుట్టిస్తున్నారో లెక్క వేయండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా షాపుకు పోతారు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. ఆ వేడి వేగంతో సమానంగా పెరగదు, వేగానికి వర్గంగా పెరుగుతుంది. 1,100 కిలోల కారును 20 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 17 కిలోజౌళ్లు. అదే కారును 100 నుంచి ఆపితే సుమారు 425. వేగం అయిదింతలు, వేడి ఇరవై అయిదింతలు. మేడారం జాతరకు తాడ్వాయి దారిలో గంటల తరబడి ఆగుతూ కదులుతూ పోయినప్పుడు కాలు నొప్పి పుడుతుంది కానీ బ్రేక్ ఆయిల్‌కు పెద్దగా ఏమీ కాదు. జనగామ దాటాక నాలుగు లైన్ల రోడ్డు మీద 100లో పోతుంటే ఊరి దగ్గర ఎడమ పక్కనుంచి బర్రె వస్తుంది చూడండి, డిస్కుకు అసలు పరీక్ష అది.

ఆ ఒక్క ఆపుడుకు డిస్క్ ఎంత వేడెక్కుతుంది? ముందు బ్రేకుల మీద 70 శాతం భారం పడిందనుకుందాం. ఒక్కో ముందు డిస్కుకు దాదాపు 150 కిలోజౌళ్లు. అయిదు కిలోల ఇనుప డిస్క్ అయితే సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. ఏడు కిలోల పెద్ద డిస్క్ అయితే 46. ఎండాకాలంలో మన రోడ్డు మీద గాలే 45 డిగ్రీలు. అక్కడ మొదలై, చల్లారే వ్యవధి లేకుండా అయిదారు ఆపుళ్లు వరుసగా పడితే చిన్న డిస్క్ 400 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఆయిల్ అంత వేడెక్కదు, ప్యాడ్, పిస్టన్ మధ్యలో ఉన్నాయి కదా. కానీ వేడి అటువైపు నడుస్తూనే ఉంటుంది.

దిగుడు లెక్క వేరు. మనుషులు, సామానుతో 1,400 కిలోలైన బండి వంద మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 1,370 కిలోజౌళ్లు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీద కాలుంచి దిగితే అదంతా డిస్కులకే. అంతే బరువున్న బండిని 100 నుంచి రెండున్నర సార్లు ఆపిన దానితో సమానం. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే చాలా భాగం ఇంజిన్ మింగేస్తుంది. నేను ఆ రోజు పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్ వేశాను. ఇంజెక్షన్ ఇంజిన్ గేరులో దిగుతుంటే పెట్రోలు దాదాపు ఆపేస్తుందని తర్వాత తెలిసింది. రెండు విధాలా నష్టపోయాను.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. పెద్ద డిస్కులు వేస్తే, అదే డ్రైవింగ్‌కు డిస్క్ వేడి తగ్గుతుంది, పెరగదు. అంటే పెద్ద బ్రేకులు వేశాం కాబట్టి ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే ఆయిల్ కావాలన్న వాదన ఉన్నదున్నట్టు నిలవదు. దాన్ని నిజం చేసేవి వేరే ఉన్నాయి. అల్యూమినియం క్యాలిపర్లు వేడిని తొందరగా లాగుతాయి. పాత క్యాలిపర్లో ఫినాలిక్ (గట్టి ప్లాస్టిక్ లాంటి) పిస్టన్లు ఉండి, కొత్తదాంట్లో లోహపు పిస్టన్లు ఉంటే వేడి ఆయిల్ దాకా సులువుగా చేరుతుంది. లోహం ఎక్కువున్న ప్యాడ్లూ అంతే. అన్నిటికన్నా పెద్ద కారణం డ్రైవరే. బ్రేకులు బాగున్నాయని తెలిశాక వేగం పెంచుతాం, ఆలస్యంగా తొక్కుతాం. నా సంగతైతే అదే.

మూడో మెట్టు: మూత మీద ఏముందో చదవండి

బానెట్ ఎత్తితే మాస్టర్ సిలిండర్ మీద చిన్న తెల్ల డబ్బా ఉంటుంది. దాని మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. డాట్ అంటే అమెరికా ప్రమాణం పెట్టిన ఆయిల్ తరగతి. అదే మీ కనీస హద్దు. డాట్ 3 రాసి ఉన్న కారులో డాట్ 4 పోయొచ్చు. డాట్ 4 రాసి ఉంటే డాట్ 3కి దిగకూడదు. మాన్యువల్లో క్లాస్ 6 అనో, తక్కువ చిక్కదనం ఉన్న డాట్ 4 అనో రాసి ఉంటే ఆ మాటకు కట్టుబడండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఈఎస్‌పీ (బండి పక్కకు జారకుండా చూసేది) యూనిట్లలో సన్నటి దారుల్లోంచి ఆయిల్ క్షణానికి ఎన్నోసార్లు అటూ ఇటూ పరుగెత్తాలి, చిక్కటి ఆయిల్ అక్కడ వెనకబడుతుంది.

అలాగే క్లచ్ చూడండి. కొన్ని కార్లలో హైడ్రాలిక్ క్లచ్ కూడా ఇదే డబ్బాలోంచి ఆయిల్ తీసుకుంటుంది. అలా ఉంటే ఆయిల్ మార్చినప్పుడు క్లచ్ లైన్ కూడా కడగాలి, కొనేటప్పుడు కొంచెం ఎక్కువ కొనాలి.

నాలుగో మెట్టు: డబ్బా మీద చిన్న అంకె వెతకండి

ప్రతి బ్రేక్ ఆయిల్‌కు రెండు మరిగే అంకెలు ఉంటాయి. ఒకటి పొడి అంకె, అంటే సీల్ తీసిన క్షణాన, నీటి చుక్క లేనప్పుడు మరిగే వేడి. రెండోది తడి అంకె. ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరాక మరిగే వేడి. గ్లైకాల్ ఆయిల్ నీటిని పీల్చుకుంటుంది. మూత దగ్గరి గాలి రంధ్రం నుంచి, రబ్బరు హోసుల గోడల్లోంచి తేమ నెలల తరబడి లోపలికి పోతూనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వానకాలం గాలిలో తేమకు కొదవ లేదు.

అమెరికా ప్రమాణం ప్రకారం కనీస అంకెలు ఇవి. డాట్ 3కి పొడి 205, తడి 140 డిగ్రీలు. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. క్లాస్ 6 అనేది ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం, దానికి 250, 165. ఇవి కనీసాలు మాత్రమే. మంచి కంపెనీల డాట్ 4 చాలావరకు ఈ గీత కన్నా పైనే ఉంటుంది, అసలు అంకె డబ్బా మీద గానీ వాళ్ల సాంకేతిక పత్రంలో గానీ దొరుకుతుంది. ఎక్కడా అంకె వేయకుండా సూపర్, హెవీ డ్యూటీ అని మాత్రమే రాసిన డబ్బాను నేను కొనను.

షాపులో అందరూ పొడి అంకె చూపిస్తారు, అది పెద్దది కాబట్టి. వారానికోసారి ఆయిల్ మార్చే రేసు బండికి పొడి అంకె లెక్క. ఏడాదో రెండేళ్లో ఒకే ఆయిల్‌తో తిరిగే మన బండి బతికేది తడి అంకె దగ్గర. తడి అంకె 155 ఉన్న ఆయిల్, 185 ఉన్న ఆయిల్ పక్కపక్కన ఉంటే ఆ ముప్పై డిగ్రీలకు డబ్బు పెట్టండి. పొడిలో 270, 300 మధ్య తేడాకు కాదు.

మూడో అంకె చిక్కదనం. మైనస్ 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు, అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన. డాట్ 4కి 1,800 వరకు ఒప్పుకుంటారు, డాట్ 5.1కి 900, క్లాస్ 6కి 750. వరంగల్‌లో మైనస్ 40 ఎక్కడిది అని నవ్వొచ్చు, నిజమే. మన వేడిలో అన్ని ఆయిళ్లూ పలచగానే పారతాయి. కాబట్టి కారు కంపెనీ అడిగితే తప్పకుండా పాటించండి, అడగకపోతే దీని వెంట పడక్కర్లేదు.

అయిదో మెట్టు: ఎంచుకోవడం

ఇక నా తీర్పు. కాజీపేట నుంచి హన్మకొండ ఆఫీసు, నెలకోసారి హైదరాబాద్, ఏడాదికి రెండుసార్లు లక్నవరమో రామప్పో, ఇంతే మీ తిరుగుడు అయితే, కిట్ ఎంత పెద్దదైనా, తాజా డాట్ 4 చాలు. తడి అంకె 165 పైన ఉన్నది చూసుకుని రెండేళ్లకోసారి మార్చండి. బండి నిండా మనుషులతో ఘాట్లు ఎక్కువ దిగేవాళ్లు, తెల్లవారుజామున హైదరాబాద్ రోడ్డు ఖాళీగా దొరికితే కాలు ఆగనివాళ్లు డాట్ 5.1కి పోవచ్చు. గ్లైకాల్ జాతిదే కాబట్టి డాట్ 3, డాట్ 4 సీళ్లతో దానికి పేచీ లేదు.

డాట్ 5 మాత్రం పూర్తిగా వేరే. పేరులో 5.1కి అన్నలా ఉంటుంది కానీ అది సిలికాన్, రంగు ఊదా. నీటిని కలుపుకోదు, కాబట్టి లోపలికి వచ్చిన నీరు క్యాలిపర్ అడుగున గుంటలా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది, వంద డిగ్రీలకే మరుగుతుంది. సన్నటి గాలి బుడగల్ని పట్టుకుని వదలదు. ఏబీఎస్ ఉన్న కారులో దాన్ని పోయకూడదు, గ్లైకాల్ ఆయిల్‌తో కలపకూడదు. షాపులో 5.1 అడిగితే 5 చేతిలో పెట్టడం జరిగే పనే. డబ్బా మీద సిలికాన్ అన్న మాట ఉందేమో చూసి తీసుకోండి.

రేసింగ్ ఆయిళ్ల సంగతి. పొడిలో 300 డిగ్రీలు దాటేవి ఉన్నాయి. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ లాంటిదైతే తడి అంకే 270. కారును ట్రాక్‌కు తీసుకెళ్లే వాళ్లకు అవి విలువైనవే. రోజూ తిరిగే కారులో పోస్తే పాడైపోదు కానీ, ఆ డబ్బుతో మామూలు మంచి ఆయిల్‌ను రెండు మూడు సార్లు మార్చుకోవచ్చు. రెండేళ్ల కిందటి రేసింగ్ ఆయిల్ కన్నా ఈ మార్చిలో పోసిన డాట్ 4 మీదే నాకు నమ్మకం ఎక్కువ.

వేర్వేరు కంపెనీల డాట్ 4 కలిస్తే ఏమవుతుంది? ప్రమాదం ఏమీ లేదు. డాట్ 4కి డాట్ 5.1 కలిసినా అంతే. కాకపోతే ఆ మిశ్రమం నాసిరకం దానివైపే మొగ్గుతుంది. పాలలో నీళ్లు కలిపాక పాల ధర అడిగినట్టే.

ఆరో మెట్టు: కొనడం

పూర్తిగా కడిగి నింపడానికి సాధారణంగా ఒక లీటరు సరిపోతుంది. పెద్ద క్యాలిపర్లు, క్లచ్ కూడా కలిస్తే లీటరున్నర దగ్గర పెట్టుకోండి. లీటరు డబ్బా కన్నా అర లీటరువి, పావు లీటరువి కొనండి. మిగిలితే సీల్ తీయని డబ్బా మిగులుతుంది. మూత తీసిన డబ్బా గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి దాన్ని దాచుకుని ఆరు నెలల తర్వాత టాప్ అప్‌కు వాడకూడదు. నా ఘాట్ కథలో అసలు దొంగ అదే.

మూత కింద రేకు సీల్ ఉందా, తయారీ తేదీ ఎంత పాతది, ముద్రణ చెదిరిందా అని చూడండి. బయట ఎండలో అల్మారాలో పెట్టి ఉన్న డబ్బా వద్దు. ఆటోనగర్‌లో లూజుగా పోసి ఇచ్చే ఆయిల్ సగం ధరకు దొరికినా బ్రేకులకు మాత్రం తీసుకోకండి.

ఏడో మెట్టు: పాతది తీసి కొత్తది పోయడం

ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు, ఇద్దరు కావాలి. ఎప్పుడూ చేయనివాళ్లైతే మొదటిసారి మెకానిక్ దగ్గరే చేయించి పక్కన నిలబడి చూడండి. నమ్మకం లేని చేతితో బ్రేకుల మీద ప్రయోగాలు వద్దు.

కావాల్సినవి ఇవి: సరిపోయే రింగ్ పానా, నిపుల్‌కు (క్యాలిపర్ మీద గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మరకు) బిగువుగా పట్టే పారదర్శక గొట్టం, ఒక సీసా, మందుల షాపులో దొరికే 50 ఎంఎల్ సిరంజి, రెండు బకెట్ల నీళ్లు. నీళ్లు ఎందుకంటే ఈ ఆయిల్ పెయింట్‌ను లేపేస్తుంది. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు పెట్టుకోండి. వాన రోజున ఈ పని పెట్టుకోకండి.

బండిని సమతలం మీద పెట్టి, స్టాండ్ల మీద నిలిపి చక్రాలు తీయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి. పై డబ్బాలోని నల్లబడిన ఆయిల్‌ను సిరంజితో లాగేసి కొత్తది నింపండి. ఇక్కడి నుంచి పని అయ్యేదాకా ఆ డబ్బా మినిమమ్ గీత కిందికి పోకూడదు. పోతే గాలి దూరి పని మొదటికొస్తుంది.

వరుస దూరపు చక్రం నుంచి దగ్గరికి. విదేశీ వీడియోల్లో వెనక కుడి చక్రంతో మొదలుపెడతారు, వాళ్ల స్టీరింగ్ ఎడమన ఉంటుంది కాబట్టి. మనకు మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది, కాబట్టి దూరపుది వెనక ఎడమ. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొన్ని ఏబీఎస్ కార్లకు మాన్యువల్ వేరే వరుస చెబుతుంది, అప్పుడు మాన్యువల్ మాటే చెల్లుతుంది.

గొట్టం ఒక చివర నిపుల్‌కు, రెండో చివర సీసాలో కొంచెం ఆయిల్‌లో మునిగి ఉండాలి. లోపల కూర్చున్నవాళ్లు పెడల్‌ను నిదానంగా తొక్కి పట్టుకోవాలి. ‘తొక్కిన’ అనగానే మీరు నిపుల్ పావు చుట్టు వదలాలి, ఆయిల్ బయటికి వస్తుంది, పెడల్ కిందికి పోతుంది. నిపుల్ బిగించాకే ‘వదులు’ అనాలి. మా తమ్ముడు ఫోన్ చూసుకుంటూ నా మాట కన్నా ముందే వదిలేశాడు, గాలి వెనక్కి పీల్చింది. ఫోన్ లాక్కుని మళ్లీ మొదటి నుంచి చేశాం. పాత కార్లలో పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. మాస్టర్ సిలిండర్ రోజూ తిరగని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, పెడల్‌ను అడుగుదాకా తొక్కితే సీల్ దాని మీద రాసుకుని చిరుగుతుంది.

గొట్టంలో కొత్త ఆయిల్ రంగు కనబడి, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఒక్కో చక్రం దగ్గర ఉండండి. బయటికి వచ్చిన ఆయిల్ ఎంత తేటగా కనబడినా మళ్లీ పోయకూడదు.

కిట్ క్యాలిపర్ల దగ్గర రెండు విషయాలు. వాటికి తరచూ లోపలొకటి బయటొకటి నిపుళ్లు ఉంటాయి, రెండింటి నుంచీ గాలి తీయాలి. కిట్ కాగితంలో వరుస ఉంటే అదే పాటించండి. రెండోది, నిపుల్ పైకి ఉండాలి. గాలి పైకే పోతుంది కదా. ఎడమ క్యాలిపర్‌ను కుడివైపు బిగిస్తే నిపుల్ కింద పడుతుంది, ఎన్నిసార్లు తీసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. గాలి తీసేటప్పుడు రబ్బరు సుత్తితో క్యాలిపర్‌ను మెల్లగా తడితే లోపల అంటుకున్న బుడగలు కదులుతాయి. హోస్‌ను క్యాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్ట్ విప్పితే రాగి వాషర్లు కొత్తవే వేయండి. నిపుల్‌ను మణికట్టు బలంతో బిగిస్తే చాలు, భుజం బలం పెడితే విరుగుతుంది.

ఏబీఎస్ బ్లాక్ లోపల కొంత పాత ఆయిల్ మిగిలిపోతుంది. లైన్‌లోకి గాలి పోకపోతే దాని గురించి టెన్షన్ వద్దు. మాస్టర్ సిలిండర్ మార్చినా, డబ్బా ఖాళీ అయిపోయినా మాత్రం స్కానర్‌తో ఏబీఎస్ పంపు తిప్పించి గాలి తీయించాలి.

ఎనిమిదో మెట్టు: రోడ్డెక్కే ముందు

ఇంజిన్ స్టార్ట్ చేసి పెడల్‌ను గట్టిగా అరనిమిషం తొక్కి పట్టండి. ఎక్కడో ఒకచోట నిలవాలి. నిదానంగా దిగుతూ ఉంటే లీకేజీ ఉంది, బండి కదపకండి. ప్రతి నిపుల్, ప్రతి బోల్ట్ దగ్గర తెల్ల టిష్యూ కాగితం ఒత్తి చూడండి, కంటికి కనబడని తడి దాని మీద కనబడుతుంది.

తర్వాత వీధిలోనే 10, 20 వేగంలో నాలుగుసార్లు ఆపి చూసి, అప్పుడు ఖాళీ రోడ్డుకు పోండి. ప్యాడ్లు కూడా కొత్తవైతే వాటిని కుదురుకోనివ్వాలి. కంపెనీ పద్ధతి ఇస్తే అదే చేయండి. లేకపోతే 60 నుంచి 15 దాకా పూర్తిగా ఆగకుండా ఎనిమిది పదిసార్లు తగ్గించి, ఆ తర్వాత బ్రేకు మీద కాలు పెట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చండి. యాసంగి కోతల రోజుల్లో అయితే ముందు రోడ్డు చూసుకోండి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వడ్ల మీద ఎంత మంచి బ్రేకైనా జారుతుంది.

తొమ్మిదో మెట్టు: ఆ తర్వాత

నేను ప్రతి ఏటా ఫిబ్రవరి చివర మారుస్తాను. వానకాలం తేమ అంతా తాగిన ఆయిల్ పోయి, ఎండాకాలం ప్రయాణాలకు తాజాది ఉంటుంది. నెమ్మదిగా తిరిగే కారుకు రెండేళ్లు చాలు. రంగు చూసి నిర్ణయించకండి. తేటగా ఉన్న ఆయిల్‌లోనూ నీరు ఉండొచ్చు. పెన్నులా ఉండే టెస్టర్లు ఆయిల్‌లో కరెంటు ఎంత పారుతుందో చూసి నీటిని ఊహిస్తాయి, ఆయిల్ రకాన్ని బట్టి అవి తప్పుతాయి. చుక్క తీసి నిజంగా మరిగించి చూపే టెస్టర్ ఉన్న షెడ్డు దొరికితే దాన్నే నమ్మండి.

బానెట్ కింది డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వచ్చి మట్టం కొంత దిగడం సహజం. ఉన్నట్టుండి దిగితే అది లీకేజీ.

తీసిన పాత ఆయిల్‌ను మోరీలో పోయకండి. మూత ఉన్న సీసాలో పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్డుకు ఇచ్చేయండి. మిగతా ఇంజిన్ ఆయిల్‌లో కలపకుండా విడిగా ఇవ్వండి.

చివరి పని రెండు నిమిషాలది. బానెట్ కింది డబ్బా మూత పక్కన చిన్న టేపు అతికించి దాని మీద ఆయిల్ రకం, కంపెనీ, పోసిన తేదీ, అప్పటి కిలోమీటర్లు రాయండి. రేపు ఎక్కడో మంచిర్యాలలో సర్వీసుకు ఇచ్చినప్పుడు, చేతిలో సగం డబ్బా పట్టుకుని మూత తిప్పబోయే కుర్రాడు ముందు దాన్ని చదువుతాడు.